దిగబడిన చక్రం: అంగారకునిపై స్పిరిట్ రోవర్ చివరి అధ్యాయం (2009–2011) - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

2004 జనవరిలో అంగారక గ్రహంపై దిగిన స్పిరిట్ రోవర్, 2009 ఏప్రిల్‌లో ‘ట్రాయ్’ అని శాస్త్రవేత్తలు పేరుపెట్టిన చోట మెత్తని నేలలో దిగబడింది. పది నెలల ప్రయత్నం తరువాత కూడా అది బయటపడలేదు. 2010 మార్చి 22 తరువాత దాని నుంచి సంకేతం రాలేదు. ఈ ఘటనను సాధారణంగా ఆకస్మిక దుర్ఘటనగానో, ఒక యంత్రం వీరమరణంగానో చెప్పుకోవడం జరుగుతోంది. 2006లో ఆగిపోయిన ఒక చక్రం, దానివల్ల మారిన దారి, పైకి కనిపించని నేల స్వభావం, శీతకాలపు సూర్యుని దిశ అనే నాలుగు కారణాలు కలిసి ఈ ముగింపుకు దారితీశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే కారణ శృంఖల రెండు ముఖ్యమైన ఆవిష్కరణలకు కూడా మూలమైందని, కాబట్టి ‘విజయం’, ‘వైఫల్యం’ అన్న విభజన ఈ చరిత్రకు చాలదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: స్పిరిట్ రోవర్, అంగారకుడు, గుసెవ్ బిలం, హోమ్ ప్లేట్, ట్రాయ్, విజ్ఞానశాస్త్ర చరిత్ర, కార్యకారణ సంబంధం.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్ర చరిత్రను మనం ఎక్కువగా ఆవిష్కరణల వరుసగా చదువుకుంటాం. ఎవరు, ఎప్పుడు, ఏమి కనుగొన్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఆ అధ్యాయం ముగిసినట్లు భావిస్తాం. ఆగిపోయిన పనులకు, తిరిగిరాని యంత్రాలకు, చేరుకోలేకపోయిన గమ్యాలకు ఆ వరుసలో చోటు తక్కువ. చోటు దొరికినా అది కరుణరసానికే పరిమితమవుతుంది. స్పిరిట్ రోవర్ విషయంలో జరిగింది ఇదే. దాన్ని ప్రాణమున్న జీవిగా భావించి, దూరదేశంలో ఒంటరిగా మరణించిన యాత్రికుడిలా వర్ణించే కథనాలు వెలువడ్డాయి. వాటికి పాఠకాదరణ కూడా దక్కింది.

అయితే చరిత్రకారుని ప్రశ్న వేరు. ఆ రోవర్ ఆ చోటికే ఎందుకు వెళ్లింది? వేరే దారి లేదా? నేల మెత్తన అని ముందుగా తెలిసే అవకాశం ఉందా? బయటకు తీసే ప్రయత్నాన్ని ఎప్పుడు, ఏ ఆధారంతో విరమించారు? ఈ ప్రశ్నలకు జవాబిచ్చే ఆధారాలు ఈ ఘటన విషయంలో అసాధారణంగా సమృద్ధిగా ఉన్నాయి. రోవర్ పంపిన ఛాయాచిత్రాలు, కొలతలు బహిరంగ భాండాగారంలో ఉన్నాయి. యాత్రా బృందం ఎప్పటికప్పుడు ప్రగతి నివేదికలు ప్రకటించింది. ఒక బండి ఏ రోజున ఎంత దూరం కదిలిందో మిల్లీమీటర్లలో తెలిసే సందర్భం రవాణా చరిత్రలో అరుదు.

2. నేపథ్యం: తొంభై రోజుల యాత్ర

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2003లో రెండు జంట రోవర్లను అంగారకునిపైకి పంపింది. వీటి నిర్వహణ కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీది. శాస్త్ర బృందానికి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ స్క్వైర్స్ నాయకుడు. మొదటి రోవర్ స్పిరిట్ 2003 జూన్ 10న బయలుదేరి 2004 జనవరి 4న (అంతర్జాతీయ కాలమానం ప్రకారం) గుసెవ్ బిలంలో దిగింది. రెండవది ఆపర్చునిటీ. అది అదే నెల 25న గ్రహానికి అవతలి వైపున ఉన్న మెరిడియాని మైదానంలో దిగింది. ఒకప్పుడు నీరు ప్రవహించి చేరిన సరస్సు గర్భం కావచ్చునన్న ఊహతో గుసెవ్‌ను ఎంపిక చేశారు. 

రోవర్‌కు ఆరు చక్రాలు, ప్రతి చక్రానికి ఒక సొంత మోటారు ఉన్నాయి. బరువు సుమారు 180 కిలోలు. విద్యుత్తుకు ఆధారం పైన పరచిన సౌరఫలకాలు మాత్రమే. నిర్ణయించిన ఆయుర్దాయం 90 అంగారక దినాలు. అంగారక దినం మన రోజుకన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ. దీన్ని శాస్త్రవేత్తలు ‘సోల్’ అంటారు. యాత్ర మొత్తంలో నడవవలసిన దూరం 600 మీటర్లని లక్ష్యంగా పెట్టుకున్నారు.

ఈ రోవర్లను భూమి మీద నుంచి ఆటబొమ్మలా నడపడం సాధ్యం కాదు. గ్రహాల మధ్య దూరాన్ని బట్టి సంకేతం చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అందువల్ల ఒక రోజు పనికి కావలసిన ఆదేశాలన్నీ ముందుగానే రాసి పంపుతారు. ఫలితం తరువాత తెలుస్తుంది. చోదకుడు చక్రం జారుతున్నట్లు తెలుసుకునేసరికి ఆ జారడం జరిగి గంటలు గడిచి ఉంటాయి. ట్రాయ్ ఘటనను అర్థం చేసుకోవడానికి ఈ కాలవ్యవధి చాలా ముఖ్యం.

స్పిరిట్ దిగిన మైదానం అగ్నిపర్వత శిలలతో నిండి ఉంది. నీటి ఆనవాళ్ల కోసం అది రెండున్నర కిలోమీటర్లకు పైగా నడిచి 2004 జూన్‌లో కొలంబియా గుట్టలను చేరింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన ఏడుగురు వ్యోమగాముల పేర్లు ఆ గుట్టలకు పెట్టారు. వాటిలో ఒకటి హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా పేరున ఉంది. 2005 ఆగస్టులో స్పిరిట్ వీటిలోని హస్బెండ్ గుట్ట శిఖరాన్ని ఎక్కింది. 2006 ఫిబ్రవరిలో గుట్టల నడుమ ఉన్న ‘హోమ్ ప్లేట్’ అనే తక్కువ ఎత్తు పీఠభూమిని చేరింది. సుమారు 80 నుంచి 90 మీటర్ల వెడల్పున్న ఆ పీఠభూమి అగ్నిపర్వత విస్ఫోటనంలో ఎగిరిపడిన పదార్థం పొరలుగా పేరుకోగా ఏర్పడిందని శాస్త్రవేత్తలు నిర్ణయించారు. రోవర్ శేషజీవితమంతా ఈ పీఠభూమి చుట్టుపక్కలనే గడిచింది.

3. ఆగిన చక్రం, మారిన దారి

ట్రాయ్ కథ 2009లో మొదలు కాలేదు. దాని ఆరంభం 2006 మార్చిలో ఉంది. ఆ నెలలో కుడివైపు ముందు చక్రపు మోటారు పనిచేయడం మానేసింది. తిరగని చక్రాన్ని ముందుకు నెట్టడం కన్నా వెనక ఈడ్చడం తేలిక. అందువల్ల అప్పటినుంచి స్పిరిట్‌ను ఎక్కువగా వెనుకకు నడిపారు. మిగిలిన అయిదు చక్రాలు ఆరవదాన్ని నాగలిలా ఈడ్చుకుపోయాయి.

దీని తక్షణ ఫలితం ఒకటుంది. దక్షిణార్ధగోళంలో ఉన్న గుసెవ్‌లో శీతకాలపు సూర్యుడు ఉత్తరాన వాలి ఉంటాడు. సౌరఫలకాలు ఉత్తరానికి వంగి ఉండే వాలు మీద నిలబడితేనే రోవర్‌కు శీతకాలం గడుస్తుంది. 2006లో అందుకు ఎంపిక చేసిన చోటు మెక్‌కూల్ గుట్ట ఉత్తరపు వాలు. అయిదు చక్రాలతో ఇసుక నేల దాటి ఆ వాలు ఎక్కడం సాధ్యపడక దగ్గరలోని మరో చిన్న ఎత్తు మీద రోవర్ ఆ శీతకాలం గడిపింది. ఇలా ఒక మోటారు వైఫల్యం తొలిసారి గమ్యాన్ని మార్చింది.

రెండవ మార్పు 2009లో జరిగింది. 2008 శీతకాలాన్ని స్పిరిట్ హోమ్ ప్లేట్ ఉత్తరపు అంచున సుమారు 30 డిగ్రీల వాలులో గడిపింది. 2008 నవంబరులో వచ్చిన ధూళి తుపాను వల్ల ఒక రోజు విద్యుదుత్పత్తి 89 వాట్-అవర్లకు పడిపోయింది. తొలి రోజులలో అది సుమారు 900 ఉండేది. ఆ గండం గడిచాక దక్షిణాన ఉన్న ‘ఫాన్ బ్రౌన్’, ‘గొడార్డ్’ అనే రెండు స్థలాలు కొత్త గమ్యాలయ్యాయి. అక్కడికి దగ్గరి దారి పీఠభూమి మీదుగా ఉంది. అయితే అయిదు చక్రాల బండి ఆ అంచును మళ్లీ ఎక్కలేకపోయింది. చివరకు పీఠభూమికి పడమటి పక్కగా, కింది లోయలోంచి చుట్టూ తిరిగి పోవాలని నిర్ణయించారు. ఆరు చక్రాలూ పనిచేసి ఉంటే పడమటి దారి అవసరమయ్యేది కాదనడం ఊహే అయినా నిరాధారమైన ఊహ కాదు. ట్రాయ్ ఆ పడమటి దారిలోనే ఉంది.

4. ట్రాయ్: పెచ్చు కింది నేల

2009 ఏప్రిల్ 23న స్పిరిట్ వెనుకకు నడుస్తూ దక్షిణ దిశగా పోతుండగా దాని చక్రాలు నేల పైపొరను విరిచి లోపలికి దిగాయి. తరువాతి రోజుల ప్రయత్నాలలో బండి కదలడానికి బదులు ఇంకా లోతుకు దిగింది. మే మొదటి వారంలో ఎడమవైపు మధ్య చక్రం కూడా తిరగకుండా ఆగింది. అది శాశ్వత వైఫల్యం కాదని తరువాతి పరీక్షలలో తేలింది. చక్రాలు దాదాపు సగం వరకు కూరుకుపోయిన ఆ స్థితిలో బృందం నడకను పూర్తిగా ఆపివేసింది.

అక్కడి నేల స్వభావం తరువాత స్పష్టమైంది. సుమారు 8 మీటర్ల వ్యాసమున్న ఒక పాత చిన్న బిలం కాలక్రమంలో ఇసుకతో పూర్తిగా నిండిపోయి, పైన గట్టి పెచ్చు కట్టి చదునుగా కనిపిస్తోంది. దానికి పురాణ ట్రాయ్ నగరం పక్కన పారే నది పేరు మీదుగా ‘స్కమాండర్’ అని పేరుపెట్టారు. రోవర్ సరిగ్గా ఆ బిలం అంచు మీద నిలిచింది. ఎడమ చక్రాలు ఇసుక నిండిన లోపలి భాగంలోనూ, కుడి చక్రాలు బయటి నేల మీదా ఉన్నాయి. కుడివైపు ముందు చక్రం ఎలాగూ తిరగదు. అంటే ఇసుకలో ఉన్న వైపున పట్టు లేదు, పట్టు ఉన్న వైపున ఒక చక్రం లేదు.

ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించి ఉండవలసిందా అన్న ప్రశ్న సహజం. ఆపర్చునిటీ 2005 ఏప్రిల్ 26న ఒక ఇసుక మెట్టలో దిగబడి జూన్ 4న గాని బయటపడలేదు. ఆ అనుభవం తరువాత చక్రం ఎంత తిరిగింది, బండి నిజంగా ఎంత కదిలింది అన్నది ఛాయాచిత్రాలతో పోల్చుకుని, జారుడు ఎక్కువైతే రోవర్ తనంతట తానే ఆగే ఏర్పాట్లు వాడుకలోకి వచ్చాయి. అయితే ఆ ఏర్పాటు జారుడును జరిగాక కనిపెడుతుంది. నేల మోయగల బరువును ముందుగా చెప్పలేదు. ఆపర్చునిటీ దిగబడినది కంటికి కనిపించే ఇసుక మెట్టలో. ట్రాయ్‌లో మెట్ట లేదు, పెచ్చు ఉంది. కక్ష్యలోని కెమెరాకైనా, రోవర్ కంటికైనా ఆ పెచ్చు గట్టి నేలగానే కనిపిస్తుంది. ఫలితం తెలిసిన తరువాత గతంలోని నిర్ణయాన్ని తప్పుపట్టే ధోరణి చరిత్ర రచనలో తరచు కనిపించే దోషం. ఇక్కడ దాన్ని వర్జించడం అవసరం.

5. కడుపు కింది రాయి, ప్రయోగశాలలోని నేల

దిగబడిన బండికి అసలు ప్రమాదం చక్రాల దగ్గర కన్నా కడుపు దగ్గర ఉంటుంది. బండి అడుగుభాగం రాతి మీద ఆనితే చక్రాల మీది బరువు తగ్గి పట్టు పోతుంది. ఇరుసు నేలకు ఆనిన ఎడ్లబండిని చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. స్పిరిట్‌కు తన కడుపు కింద చూసుకునే కెమెరా లేదు. చేతి చివర ఒక సూక్ష్మదర్శక కెమెరా ఉంది. అది కొన్ని సెంటీమీటర్ల దూరంలోని రాతి రేణువులను చూడటానికి చేసినది. దూరపు వస్తువు దానిలో మసకగా కనిపిస్తుంది. ముందుగా ఆపర్చునిటీ మీద ఈ ప్రయోగాన్ని పరీక్షించి, జూన్‌లో స్పిరిట్ చేతిని కిందికి వంచి ఆ కెమెరాతో అడుగుభాగాన్ని చిత్రించారు. మసక చిత్రాలలో కూచిగా ఉన్న ఒక రాయి అడుగుభాగానికి తాకుతున్నట్లో, తాకబోతున్నట్లో కనిపించింది.

దీనికి సమాంతరంగా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ట్రాయ్ ప్రతిరూపాన్ని నిర్మించారు. డయాటమ్ మట్టి, బంకమన్ను పొడి కలిపి టన్నుల కొద్దీ మెత్తని నేల తయారుచేసి, వాలు కల్పించి, అందులో పరీక్షా రోవర్‌ను దిగబెట్టారు. ఇక్కడ ఒక మౌలిక సమస్య ఉంది. అంగారకుని గురుత్వాకర్షణ భూమితో పోలిస్తే సుమారు 38 శాతం. భూమి మీద అదే రోవర్ ఎక్కువ బరువుతో నేలను నొక్కుతుంది. రోవర్ బరువు తగ్గించవచ్చును గాని మట్టి రేణువుల బరువు తగ్గించలేరు. అందువల్ల పూర్తి స్థాయి రోవర్‌తోను, తేలికైన మరో నమూనాతోను పరీక్షలు జరిపి ఫలితాలను పోల్చారు. ఈ పరీక్షలు నెలల తరబడి సాగాయి.

ఆ నెలలలో రోవర్ ఊరక ఉండలేదు. గాలులు సౌరఫలకాల మీది ధూళిని కొంత తుడిచాయి. విద్యుత్తు పెరిగింది. కదలలేని రోవర్‌కు తీరిక, శక్తి రెండూ దొరికాయి. చక్రాలు తిరగదోడిన మట్టిని తన చేతి పరికరాలతో అది పరిశీలిస్తూ వచ్చింది. ఆ పరిశీలన ఫలితాన్ని ఎనిమిదవ విభాగంలో చర్చిస్తాను.

6. విడుదల ప్రయత్నాలు: మిల్లీమీటర్ల చరిత్ర

2009 నవంబరు 17న మొదటి ప్రయత్నం జరిగింది. వచ్చిన దారినే, అంటే ఉత్తరంగా ముందుకు నడవాలన్నది వ్యూహం. ఒక్క సెకను గడవకముందే రోవర్ ఆగిపోయింది. వాలు నిర్ణీత పరిమితి దాటినట్లు అది లెక్కగట్టింది. రెండు రోజుల తరువాత, నవంబరు 19న, చక్రాలు మొత్తం అయిదు మీటర్ల దూరానికి సరిపడా తిరిగాయి. రోవర్ కదిలినది ముందుకు సుమారు 12 మిల్లీమీటర్లు, ఎడమకు 7 మిల్లీమీటర్లు, కిందికి 4 మిల్లీమీటర్లు. అయిదు మీటర్లకు పన్నెండు మిల్లీమీటర్లన్న నిష్పత్తి ఆ నేల స్వభావాన్ని ఏ వర్ణన కన్నా బాగా చెబుతుంది.

నవంబరు చివరి భాగంలో కుడివైపు వెనుక చక్రం మొరాయించింది. డిసెంబరు నాటికి అది పనికిరాదని తేలింది. అదే డిసెంబరులో ఎవరూ ఊహించని విధంగా, దాదాపు నాలుగేళ్లుగా ఆగి ఉన్న కుడివైపు ముందు చక్రం కొద్దిగా తిరిగింది. తరువాత మళ్లీ ఆగిపోయింది. ఇప్పుడు పనిచేసేవి నాలుగే చక్రాలు.

2010 జనవరిలో వ్యూహం మార్చి వెనుకకు నడిపారు. ఈసారి ఫలితం మెరుగ్గా ఉంది. శీతకాలానికి ముందు చివరి నడకలు ముగిసేసరికి రోవర్ మొత్తం సుమారు 34 సెంటీమీటర్లు వెనుకకు కదిలింది. అయితే ఆ కదలికతో విడుదలకు కావలసిన కాలం మిగలలేదు. 2010 జనవరి 26న నాసా స్పిరిట్‌ను ఇకపై ఒకే చోట నిలిచి పనిచేసే పరిశోధన కేంద్రంగా ప్రకటించింది.

ఈ తేదీని చాలామంది ఓటమి అంగీకారంగా చదివారు. ఆధారాలు మరో అర్థాన్ని సూచిస్తున్నాయి. ఆ తరువాత కూడా కొద్ది రోజులు నడకలు జరిగాయి. వాటి లక్ష్యం బయటపడటం కాదు, సౌరఫలకాల వాలును సరిచేయడం. రోవర్ అప్పుడు సుమారు 9 డిగ్రీలు దక్షిణానికి వంగి ఉంది. అంటే శీతకాలపు సూర్యునికి వీపు చూపించి ఉంది. గత శీతకాలాలలో బృందం వాలును వెతుక్కుంటూ వెళ్లింది. ఈసారి వెళ్లే దారి లేదు. కాబట్టి జనవరి నిర్ణయాన్ని విరమణ అనడం కన్నా, మిగిలిన కొద్దిపాటి శక్తిని దేనికి ఖర్చుచేయాలన్న ప్రాధాన్య నిర్ణయం అనడం సముచితం.

7. మౌనం, ముగింపు తేదీ సమస్య

స్పిరిట్ చివరి సంకేతం 2010 మార్చి 22న అందింది. విద్యుత్తు చాలనప్పుడు రోవర్ అన్ని పనులూ ఆపి నిద్రావస్థలోకి పోయే ఏర్పాటు ఉంది. అది అలాగే పోయి ఉంటుందని, వసంతంలో మేల్కొనవచ్చునని బృందం ఆశించింది. గత శీతకాలాలలో లోపలి పరికరాలను వెచ్చగా ఉంచే తాపకాలకు విద్యుత్తు అందేది. ఈసారి అందలేదు. లోపలి భాగాలు మునుపెన్నడూ ఎరుగని చలిని ఎదుర్కొన్నాయి. వసంతం వచ్చింది, గడిచింది. 1300కు పైగా ఆదేశాలు పంపినా జవాబు రాలేదు. 2011 మే 25న చివరి పిలుపు పంపి యాత్రను ముగించారు. అప్పటికి స్పిరిట్ నడిచిన దూరం 7.73 కిలోమీటర్లు. లక్ష్యం 600 మీటర్లు.

ఇంతకీ స్పిరిట్ ఎప్పుడు ముగిసింది? దిగబడిన 2009 ఏప్రిల్ 23, నిలిచిపోయినట్లు ప్రకటించిన 2010 జనవరి 26, మాట ఆగిన 2010 మార్చి 22, పిలుపు ఆగిన 2011 మే 25 - నాలుగు తేదీలకూ నాలుగు రకాల సమర్థన ఉంది. మొదటిది నేల ఇచ్చిన తేదీ, రెండవది సంస్థ ఇచ్చినది, మూడవది యంత్రం ఇచ్చినది, నాలుగవది మనుషులు ఇచ్చినది. ఒక రాజవంశం ఎప్పుడు అంతరించిందన్న ప్రశ్నకు చివరి యుద్ధం, చివరి శాసనం, చివరి రాజు మరణం వేరు వేరు సంవత్సరాలు చెప్పినట్లే ఇదీ. ఏ తేదీని ఎంచుకున్నామన్నది మనం ఏ చరిత్ర రాస్తున్నామో తెలుపుతుంది.

8. నేల చెప్పిన సంగతులు

కారణ శృంఖలకు రెండవ ముఖం ఉంది. 2006లో ఆగిన చక్రం ఈడ్చుకుపోయిన చోటల్లా నేలను చీల్చింది. ఆ ఏడాదే ‘టైరోన్’ అనే చోట ఆ చాళ్లలో తెల్లని లవణ మృత్తిక బయటపడింది. 2007లో హోమ్ ప్లేట్‌కు తూర్పున మరో చాలులో కనిపించిన తెల్లని మట్టి సుమారు 90 శాతం సిలికా అని తేలింది. అంత శుద్ధమైన సిలికా ఏర్పడాలంటే వేడినీటి బుగ్గలో, అగ్నిపర్వతపు ఆవిరి రంధ్రాలో ఉండి ఉండాలి. భూమి మీద అలాంటి చోట్ల సూక్ష్మజీవులు పుష్కలంగా ఉంటాయి. స్పిరిట్ యాత్రలో అత్యంత విలువైనదిగా పరిగణించే ఈ ఆవిష్కరణ తిరగని చక్రం చేసిన దుక్కివల్ల దొరికింది.

ట్రాయ్‌లోనూ ఇదే జరిగింది. చక్రాలు విరిచిన పెచ్చు కింద సల్ఫేట్ లవణాలు సమృద్ధిగా కనిపించాయి. పొరల అమరికను పరిశీలిస్తే, నీటిలో తేలికగా కరగని హెమటైట్, సిలికా, జిప్సం వంటివి పైభాగంలోను, తేలికగా కరిగే ఇనుప సల్ఫేట్లు లోతులోను ఉన్నాయి. పైనుంచి కొద్దికొద్దిగా నీరు ఇంకుతూ కరిగేవాటిని కిందికి తీసుకుపోయిందని, అది భూవైజ్ఞానిక కాలమానంలో ఇటీవలి సంగతే కావచ్చునని రే ఆర్విడ్సన్, ఆయన సహ పరిశోధకులు 2010లో ప్రకటించారు. రోవర్‌ను దింపిన నేల నిర్మాణమే నీటి చరిత్రకు సాక్ష్యమైంది.

ఇంతమాత్రాన దిగబడటం అదృష్టమని తేల్చడం మరో అతివాదం. నష్టం నిజమైనది. ఫాన్ బ్రౌన్, గొడార్డ్ స్థలాలను స్పిరిట్ చేరలేదు. కదలని రోవర్ రేడియో సంకేతాలను నెలల తరబడి గమనించి, అంగారకుని భ్రమణంలోని స్వల్ప ఊగిసలాటను కొలిచి, గ్రహగర్భం ద్రవమో ఘనమో తేల్చాలన్న చక్కని పథకం మౌనంతో ఆగిపోయింది. ఆ పద్ధతిలో పూర్తి స్థాయి కొలతలు 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ నౌకతో గాని సాధ్యపడలేదు. గర్భం ద్రవరూపంలో ఉందని ఆ యాత్ర తేల్చింది. లాభనష్టాలను పక్కపక్కన నమోదు చేయడం చరిత్ర పని. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడం కాదు.

9. తెలుగులో ఈ చరిత్ర: పదాల ప్రశ్న

ఈ విషయాన్ని తెలుగులో రాసేటప్పుడు పదాల ఎంపిక కూడా పరిశోధనాంశమే. పత్రికలలో ‘ఇరుక్కుంది’, ‘చిక్కుకుంది’ అన్న క్రియలు వాడుకలో ఉన్నాయి. రెండు గట్టి వస్తువుల మధ్య కదలలేకపోతే ఇరుక్కోవడం అంటాం. చక్రం మెత్తని నేలలోకి దిగి పట్టు కోల్పోవడానికి తెలుగు రైతు మాట ‘దిగబడటం’. ఈ మాటలో కారణం, దిశ, ఫలితం మూడూ ఉన్నాయి. ‘ఊబి’ అన్న పదం ఇక్కడ సరిపడదు. ఊబికి నీరు మూలం. ట్రాయ్ నేల పొడిది.

‘చవుడు నేల’తో పోలిక మరింత ఆసక్తికరం. లవణాలు చేరి, పైన పెచ్చు కట్టి, కాలు పెడితే కింద పొడిబారి ఉండే చవుడు తెలుగు నేలల్లో రైతులకు చిరపరిచితం. అయితే పోలిక ఆకారం వరకే. చవుడులో నీరు ఆవిరవుతూ లవణాన్ని పైకి తెస్తుంది. ట్రాయ్‌లో ఇంకిన నీరు కరిగే లవణాన్ని కిందికి తీసుకుపోయింది. పరిచితమైన పదం పాఠకుని దగ్గరకు తెస్తూనే తప్పుదారి కూడా పట్టించగలదన్న దానికి ఇది ఉదాహరణ. నేలలో దిగబడిన చక్రం అనగానే మనకు భారతంలోని కర్ణుని రథం గుర్తుకు రావడం సహజమే. అక్కడ చక్రం దిగబడటానికి కారణం శాపం. ఇక్కడ శాపం లేదు, తెలిసి తెలిసి తీసుకున్న నిర్ణయాల వరుస ఉంది. ఉపమానం ఆ వరుసను కప్పివేయకూడదు.

10. తరువాతి యాత్రలపై ప్రభావం

ట్రాయ్ అనుభవం తరువాత నేల కేవలం పరిశోధనా వస్తువుగా మిగలలేదు. యాత్రను నిర్ణయించే శక్తిగా గుర్తింపు పొందింది. 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ 2014 ఆగస్టులో ‘హిడెన్ వ్యాలీ’ అనే ఇసుక లోయలో చక్రాలు ఊహించినదానికన్నా ఎక్కువ జారడంతో వెనుదిరిగింది. ఇన్‌సైట్ నౌక నేలలోకి దింపాలనుకున్న ఉష్ణమాపక శూలానికి అక్కడి మట్టి తగినంత రాపిడి ఇవ్వలేదు. 2021 జనవరిలో ఆ ప్రయత్నాన్ని విరమించారు. స్పిరిట్‌ను మట్టి దిగబెట్టుకుంది, ఇన్‌సైట్ శూలాన్ని మట్టి దిగనీయలేదు.

మన దేశపు అనుభవం కూడా దీనికి దూరం కాదు. చంద్రయాన్ యాత్రల కోసం చంద్రుని నేలను పోలిన మట్టిని తమిళనాడులోని సితంపూండి ప్రాంతపు అనార్థొసైట్ శిలల నుంచి ఇస్రో తయారుచేసుకుంది. శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 లోని ప్రజ్ఞాన్ రోవర్, 2023 ఆగస్టు 27న తన ముందు నాలుగు మీటర్ల వ్యాసమున్న గుంట కనిపించగా వచ్చిన దారినే వెనుదిరిగింది. వెనుదిరగడం వార్త కావడమే, దిగబడటం నుంచి నేర్చుకున్న పాఠం ఎంత లోతుకు పోయిందో చెబుతుంది.

11. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, ట్రాయ్ ఒక రోజున జరిగిన ప్రమాదం కాదు. 2006 మార్చిలో ఆగిన మోటారు, దానివల్ల ఎక్కలేకపోయిన అంచు, అందువల్ల ఎంచుకున్న పడమటి దారి, ఆ దారిలో పెచ్చు కప్పిన బిలం, చివరకు దక్షిణానికి వంగిన వాలు - ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రెండవది, ఇదే శృంఖల సిలికాను, సల్ఫేట్ పొరలను కూడా వెలికితీసింది. నష్టానికి, లాభానికి వేర్వేరు కారణాలు వెతకనక్కరలేదు. మూడవది, ముగింపు తేదీ ఒకటి కాదు. చరిత్రకారుడు తాను ఏ తేదీని ఎందుకు ఎంచుకుంటున్నాడో చెప్పవలసి ఉంటుంది.

ఈ వ్యాసకర్త ఎంచుకునేది 2011 మే 25. జవాబు వస్తుందన్న ఆశ సన్నగిల్లిన తరువాత కూడా పధ్నాలుగు నెలలు పిలుస్తూ ఉండటం యంత్రపు చరిత్రలో భాగం కాదు, అది మనుషుల చరిత్ర. స్పిరిట్ ఇప్పటికీ హోమ్ ప్లేట్‌కు పడమట, ఎడమ చక్రాలు బిలం లోపల, కుడి చక్రాలు బయట పెట్టి నిలిచి ఉంది. దాని వెనుక చాళ్లను గాలి కొద్దికొద్దిగా పూడ్చివేస్తుంది. ఆ చాళ్లలో ఏమి కనిపించిందో, అవి ఆ దారినే ఎందుకు పడ్డాయో నమోదు చేసి ఉంచడం మన పని.